కూతురికి హెచ్‌పీవీ టీకా: డాక్టరు వేయించమన్నారు, మా అమ్మ ససేమిరా అంటోంది

పాల్వంచ_నాన్న | 6 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాల్వంచ. పాప ఆరో తరగతి, పదకొండు నిండాయి. మొన్న దగ్గు తగ్గట్లేదని చిన్నపిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మందులు రాసి, "హెచ్‌పీవీ వేయించారా?" అనడిగారు. లేదన్నాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది, ఇదే సరైన వయసు, రెండు డోసులు అన్నారు. అంతే. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు, ఆయన్నీ తప్పుపట్టలేం.

ఇంటికొచ్చి చెప్తే మా అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. "ఆ సూదా? భద్రాచలం హాస్టల్ పిల్లలకి పొడిచిన సూదేనా? నా మనవరాలికి వద్దు" అంది. మా అమ్మ టీకాలంటే భయపడే మనిషి కాదు. నాకూ చెల్లికీ అన్నీ దగ్గరుండి వేయించింది. పాపకి పోలియో చుక్కల ఆదివారం ఒక్కటి తప్పనివ్వలేదు. కరోనా టీకాకి మా వీధిలో అందరికంటే ముందు లైన్లో నిలబడింది. ఈ ఒక్కదానికే ఇలా. మా ఆవిడ వేయిద్దామంటోంది. నాకు ఎటూ తేలడం లేదు.

ఆ గొడవ జరిగినప్పుడు నేను హైదరాబాద్‌లో చదువుకుంటున్నా. పేపర్లో చూసిన గుర్తు తప్ప అసలేం జరిగిందో తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి, పిల్లలకి వేయించినవాళ్ళూ చెప్పండి. "ఏం భయం లేదు సార్" అనే ముక్క మాత్రం దయచేసి వద్దు. అది అందరూ చెప్పారు.

బెజవాడ_లక్ష్మి | 6 సెప్టెంబర్, రాత్రి 10:15

మా ఇద్దరమ్మాయిలకీ వేయించాం అన్నయ్యా. సీరం కంపెనీ వాళ్ళ సెర్వావాక్. డోసు రెండు వేలు పడింది. గార్డాసిల్ అయితే దాదాపు నాలుగు వేలు, తొమ్మిది రకాల వైరస్‌లకి పనిచేసేదైతే పది వేల పైమాటే అన్నారు. మన వల్ల కాదని మనదేశం దాంతోనే సరిపెట్టాం. ఇద్దరికీ చెయ్యి నొప్పి. పెద్దదానికి ఆ సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది, ఆ వంకతో రెండు రోజులు ట్యూషన్ ఎగ్గొట్టింది. అంతకుమించి ఏం లేదు.

మా మేనత్త ఇదే క్యాన్సర్‌తో యాభై రెండేళ్ళకి పోయింది. ఏడాది పాటు బట్టలు తడుస్తున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికే ముదిరిపోయింది. అందుకని మాకు ఆలోచించాల్సిన పని పడలేదు. మీ అమ్మగారి మాట ఎందుకు వచ్చిందో నాకు నిజంగా తెలియదు, ఆ సంగతి తెలిసినవాళ్ళు చెప్తే నేనూ వింటా.

నిప్పులేని_పొగ | 6 సెప్టెంబర్, రాత్రి 11:02

మీ అమ్మగారి మాట వినండి సార్. మన ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన ఆడపిల్లల మీద ఈ టీకాతోనే ప్రయోగం చేశారు. ఏడుగురు పిల్లలు చచ్చిపోయారు. పార్లమెంటు కమిటీయే తిట్టిపోసింది. ఎవరికైనా ఏమైనా అయిందా? ఇప్పుడు అదే మందు కొత్త డబ్బాలో పెట్టి డోసు ఇంతని అమ్ముతున్నారు. నేను నా కూతురికి వేయించలేదు, వేయించను. కావాలంటే వీడియో ఉంది, పెడతా.

నిర్వాహకుడు | 7 సెప్టెంబర్, ఉదయం 6:30

వీడియో లింకు తీసేశాను. అందులో చెప్పే ఆవిడ చివర్లో సొంత కషాయం పొడి అమ్ముతున్నారు. చర్చ సాగించండి, సరుకు వద్దు.

గోదారిగట్టు_మాస్టారు | 7 సెప్టెంబర్, ఉదయం 8:20

ఇది సగం సగం తెలిసినవాళ్ళ నోట్లో పడి నలుగుతోంది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. నేను అప్పుడు భద్రాచలం ఏజెన్సీలో పంతులుని. ఆ కార్యక్రమంలో నాకు ఏ పనీ అప్పజెప్పలేదు, పక్కనుంచి చూశానంతే.

2009 జూలైలో మొదలైంది. పాత్ అని అమెరికాకి చెందిన స్వచ్ఛంద సంస్థ, ఢిల్లీలోని ఐసీఎంఆర్ (సర్కారు వైద్య పరిశోధన మండలి), మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు తీసుకున్నారు. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మంది, మనిషికి మూడు డోసులు. టీకా గార్డాసిల్, మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లో వడోదర దగ్గర ఇలాంటిదే సెర్వారిక్స్ అనే టీకాతో చేశారు. అప్పటికే ఆ రెండు టీకాలూ మనదేశంలో అమ్మకానికి అనుమతి ఉన్నవే. సర్కారు పంపిణీలో పెడితే ఎలా నడుస్తుందో చూడ్డానికి చేశాం, మందు పరీక్ష కాదు అని వాళ్ళు అన్నారు. కాదు, ఇది మనుషుల మీద పరీక్షే, ఆ నిబంధనలన్నీ మీకు వర్తిస్తాయి అని తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం అంది.

ఇక అసలు సంగతి. పిల్లలు చాలామంది హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్ళు. తల్లిదండ్రులు ఎక్కడో చర్ల అవతల, దుమ్ముగూడెం అవతల గూడేల్లో. వాళ్ళని పిలిపించి చెప్పి సంతకం తీసుకోవాలంటే నెల పట్టేది. అందుకని వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకం పెట్టొచ్చని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తర్వాత విచారణలో మన రాష్ట్రం అంగీకార పత్రాలు 9,543 తీసి చూస్తే 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. ఆ వేలిముద్ర వేసినవాళ్ళకి కాగితంలో ఏముందో ఎవరు చదివి చెప్పారో దేవుడికే తెలియాలి.

పిల్లలకి ఒక కార్డు ఇచ్చారు, ఇంగ్లీషులో ఉండేది. మా బళ్ళో ఏడో తరగతి చదివే కోయ పిల్ల ఆ కార్డు పుస్తకంలో దాచుకుని తెచ్చి, ఎవరూ లేనప్పుడు "సార్, దీంట్లో ఏం రాసుంది?" అనడిగింది. క్యాన్సర్ రాకుండా వేసిన టీకా అమ్మా అని చెప్పా. "నాకు క్యాన్సరా సార్?" అంది. రాకుండా అని మళ్ళీ మళ్ళీ చెప్పినా ఆ పిల్ల మొహంలో బెదురు పోలేదు. కార్డు మళ్ళీ అదే పుస్తకంలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

2010 మార్చిలో మహిళా సంఘాల వాళ్ళు వచ్చి హాస్టళ్ళలో పిల్లలతో మాట్లాడి వెళ్ళాక గొడవ పెద్దదైంది. ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది. చనిపోయిన పిల్లలు ఏడుగురు అన్నది నిజం. మనవాళ్ళు ఐదుగురు, గుజరాత్ వాళ్ళు ఇద్దరు. విచారణలో తేలిందేమిటంటే ఒకరు నీళ్ళలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియాతో. మిగతా ఇద్దరి సంగతి అంత కచ్చితంగా తేలలేదు కానీ టీకాకి సంబంధం ఉన్నట్టు కనిపించలేదని కమిటీ రాసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు సంఘం నివేదిక వచ్చింది. అంగీకారం తీసుకున్న పద్ధతినీ, టీకా వేశాక ఎవరికేమైందో చూసే ఏర్పాటు సరిగ్గా లేకపోవడాన్నీ గట్టిగా ఎండగట్టింది.

మలేరియా మా ఏజెన్సీలో ప్రతి వానాకాలం పిల్లల్ని తీసుకుపోతుంది. ఆ చావు టీకా వల్ల కాదని నేనూ నమ్ముతా. కానీ ఒక తండ్రికి తన బిడ్డకి ఏదో సూది వేశారన్న సంగతే బిడ్డ పోయాక తెలిస్తే, ఆ తర్వాత ఏ పెద్ద డాక్టరు వచ్చి ఏం చెప్పినా ఆయన చెవికెక్కుతుందా?

నిప్పులేని_పొగ | 7 సెప్టెంబర్, ఉదయం 8:55

అదే కదా మాస్టారూ నేనూ చెప్పింది.

గోదారిగట్టు_మాస్టారు | 7 సెప్టెంబర్, ఉదయం 9:10

కాదు నాయనా. టీకా చంపింది అని మీరన్నారు. అడగకుండా వేశారు అని నేనంటున్నా. మొదటిదానికి రుజువు లేదు. రెండోదానికి వేల కాగితాలున్నాయి. ఈ రెండూ కలిపేస్తే లాభం ఆ కాగితాల మీద సంతకాలు పెట్టించినవాళ్ళకే. చావులు టీకావి కావని తేలగానే "చూశారా, అంతా పుకారే" అని ఫైలు మూసేశారు.

కర్నూలు_పిల్లల_డాక్టర్ | 7 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:30

మాస్టారు గారు రాసినదానికి డాక్టర్ల వైపు నుంచి నేను చేర్చాల్సిందేమీ లేదు. మా కాన్ఫరెన్సుల్లో దీన్ని "ఆ ఖమ్మం వివాదం" అని ఒక స్లైడులో దాటేస్తారు. అందులో 2,763 అనే అంకె నేనెప్పుడూ చూడలేదు.

పాల్వంచ నాన్నగారికి వైద్యం సంగతి చెప్తా. మనదేశంలో ఆడవాళ్ళ క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే. 2022 అంచనా ప్రకారం ఏడాదికి కొత్తగా 1.27 లక్షల మందికి వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. దాదాపు అన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో 16, 18 నంబరు రకాలే నూటికి డెబ్భై కేసులకి కారణం. టీకాలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్ పైపెంకులాంటి ప్రోటీను మాత్రమే ఉంటుంది, కాబట్టి టీకా వల్ల ఆ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం లేదు. చెయ్యి నొప్పి, జ్వరం, తలనొప్పి మామూలు. ఈ వయసు పిల్లలు ఏ సూదికైనా కళ్ళు తిరిగి పడిపోతుంటారు. అందుకే కూర్చోబెట్టి వేసి పావుగంట అక్కడే ఉంచుతాం. తీవ్రమైన అలర్జీ చాలా అరుదు. కానీ వస్తే వెంటనే ఇంజెక్షన్ ఇవ్వాల్సిందే, అందుకే ఆ మందు చేతికందేలా లేని చోట ఏ టీకా వేయించొద్దు.

ఫలితం ఉందా అంటే, స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ళకే వేయించుకున్న అమ్మాయిల రికార్డులు తీసి 2024లో ప్రచురించారు. ఆ గుంపులో ముఖద్వార క్యాన్సర్ ఒక్క కేసు కూడా లేదు.

ఇంకొకటి. ఖమ్మంలో నడిచినదానికి సంబంధం లేకుండా అదే 2009లో ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ క్యాన్సర్ సంస్థ మనదేశంలో తొమ్మిది చోట్ల వేరే అధ్యయనం మొదలుపెట్టింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది ప్రశ్న. ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో అదీ మధ్యలో ఆగిపోయింది. దాంతో దాదాపు ఐదు వేల మంది అమ్మాయిలు ఒకే డోసుతో మిగిలిపోయారు. వాళ్ళని వదిలెయ్యకుండా పదేళ్ళు గమనిస్తే, 16, 18 రకాలు ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా 95 శాతం దాకా ఆపిందని 2021లో తేలింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసూ చాలు అనడానికి ఉన్న ఆధారాల్లో ఇదీ ఒకటి. మనం సగంలో ఆపేసిన పనే పేద దేశాలకి ఖర్చు సగం చేసిపెట్టింది.

నిప్పులేని_పొగ | 7 సెప్టెంబర్, మధ్యాహ్నం 3:05

మరి ఒక్కటి చాలినప్పుడు మీ డాక్టర్లు రెండెందుకు వేస్తున్నారు సార్? రెండో డోసు ఎవరి జేబుకి?

కర్నూలు_పిల్లల_డాక్టర్ | 7 సెప్టెంబర్, సాయంత్రం 5:40

అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర 9 నుంచి 14 ఏళ్ళవాళ్ళకి సెర్వావాక్‌కి అనుమతి ఇచ్చింది రెండు డోసుల పద్ధతికి. మా పిల్లల డాక్టర్ల అకాడమీ కూడా రెండే అంటోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకటైనా సరే, రెండైనా సరే అంటోంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళకి ఈ మూడు ముక్కలూ చెప్తా, రెండూ వేయించుకోమంటా. రెండోదానికి డబ్బుల్లేవంటే మొదటిది మానొద్దంటా. జేబు సంగతంటారా, ప్రైవేటులో ప్రతి టీకా మీదా డాక్టరుకి మిగులు ఉంటుంది. లేదని చెప్తే మీరూ నమ్మరు.

గుంటూరు_వెంకట్ | 7 సెప్టెంబర్, సాయంత్రం 6:15

నాది వేరే సందేహం, ఎవరూ అడగట్లేదు. ఇది శారీరక సంబంధం వల్ల వచ్చే వైరస్ అంటున్నారు కదా. పదకొండేళ్ళ పిల్లకి ఇప్పుడే ఎందుకు? ఇంట్లో పెద్దవాళ్ళ ముందు ఏమని చెప్పాలి?

బెజవాడ_లక్ష్మి | 7 సెప్టెంబర్, సాయంత్రం 6:40

పుట్టిన రోజునే హెపటైటిస్ బి వేస్తారు. అదీ రక్తంతో పాటు అలా కూడా అంటుకునే జబ్బే. అప్పుడు ఎవరమూ ఏమీ అడగలేదు కదండీ. మా పిల్లలకి "క్యాన్సర్ టీకా" అని చెప్పా, పెద్దది గూగుల్ చేసుకుని మిగతాది నాకే చెప్పింది.

కర్నూలు_పిల్లల_డాక్టర్ | 7 సెప్టెంబర్, సాయంత్రం 7:00

వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పూర్తి ఫలితం. పైగా చిన్న వయసులో ఒళ్ళు టీకాకి బాగా స్పందిస్తుంది కాబట్టే పదిహేను లోపు రెండు చాలు, దాటితే మూడు. పెళ్ళికి ముందు చూద్దాంలే అనుకుంటే ఖర్చు పెరుగుతుంది, ఫలితం తగ్గొచ్చు. ఇంకో మాట, టీకా వేసినా ముప్పై దాటాక ఈ క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్ష చేయించుకోవడం మానకూడదు. పిల్లకి టీకా వేయించడానికి వచ్చిన తల్లిని "మీరెప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నారా?" అనడిగితే తల దించుకుంటారు. అది సర్కారు ఆసుపత్రిలో ఉచితం.

మల్లేపల్లి_యాదగిరి | 7 సెప్టెంబర్, రాత్రి 9:30

అన్నా, నేను హెచ్‌పీవీ గురించి చెప్పలేను, నాకు ఇద్దరూ మగపోరగాళ్ళే. నమ్మకం గురించి చెప్త.

2016 జూన్‌ల మా దిక్కు మురికినీళ్ళల్ల పోలియో వైరస్ దొరికిందని గల్లీ గల్లీ తిరిగి పిల్లలకు సూదులేసిండ్రు. పెద్దోన్ని ఎత్తుకపోయి ఏపిచ్చిన. ఒక్క మాట అడగలె. నమ్మిన. 2019 మార్చిల నాంపల్లి ముచ్చట అందరికీ ఎరుకే. పసిపిల్లలకు పెంటా సూది ఏసి, జ్వరానికి ఇయ్యాల్సిన పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే గట్టి నొప్పి గోలీలిచ్చిండ్రు. పసిపాణాలు పోయినయ్. సూదిల తప్పు లేదు, గోలీల తప్పు. గాని ఆ ఇంటోళ్ళకు సూదేంది, గోలీయేంది?

మా చిన్నోనికి అప్పుడు డీపీటీ బూస్టర్ ఉండె. నా భార్య పోనన్నది. ఆర్నెల్లు పోలే. మా అక్క కొడుకు సావాసగాడు ఒకడు గొంతు వాచి ఊపిరాడక నల్లకుంట కోరంటి దవాఖానల పడ్డడు, కంఠసర్పి అన్నరు, డీపీటీ ఏసేది దానికి గూడ. వానికి టీకాలు సగంల ఆపిండ్రంట. పోరగాని మెడ ఎద్దుమెడ లెక్క వాచింది. అది చూసొచ్చినంక నా భార్యనే నన్ను గుంజుకపోయింది. గాని ఇప్పటికీ గోలీ ఇస్తే పట్టీ తిప్పి పేరు సదువుతది, పేరు కనవడకుండ కత్తిరించి ఇస్తే తీస్కోదు. మొదట్ల సిస్టరమ్మకు కోపమొచ్చేది. ఇప్పుడు ఆమెనే పట్టీ మొత్తం సూపిస్తది.

నర్సమ్మ_ప్రకాశం | 7 సెప్టెంబర్, రాత్రి 10:20

యాదగిరి తమ్ముడూ, కోపం ఎందుకొచ్చుద్దో చెప్తా, నేనూ ఏఎన్‌ఎమ్మునే. బుధవారం, శనివారం టీకాల రోజు. పొద్దున్నే పీహెచ్‌సీలో ఐసు పెట్టె భుజానేసుకుని ఆటో ఎక్కుతాం. తట్టు-రుబెల్లా మందు, బీసీజీ మందు నీళ్ళు కలిపిన కాడి నుంచి నాలుగు గంటలే వాడాల, తర్వాత పారెయ్యాల. ముగ్గురు పిల్లలొస్తారని సీసా తీస్తే ఒక్కరొస్తారు. ఆ వేస్టేజీకి పైవాళ్ళు అడుగుతారు. ఈలోపు యాప్‌లో ఎక్కించాల, నెట్టుండదు. అప్పుడు ఎవరన్నా "ఇదేం మందు?" అంటే విసుక్కున్న మాట నిజమే. మా దాంట్లో అందరూ అంతే అనను, చాలామందిమి.

2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా తొమ్మిది నెలల పిల్ల కాడి నుంచి పదిహేనేళ్ళ దాకా అందరికీ వేసినప్పుడు, మా ఊళ్ళో వాట్సాప్‌లో ఒకటి వచ్చింది, ఇది వేస్తే ఆడపిల్లలకి పిల్లలు పుట్టరని. ఒక బళ్ళో సగం మంది రాలా. డాక్టరు గారు వచ్చి మైకులో చెప్పినా రాలా. అప్పుడు నేను సీసా తీసుకుపోయి రచ్చబండ కాడ కూర్చుని, సీసా మీద చిన్న గుర్తు చూపించా. గుండ్రం లోపల చదరం ఉంటది, లోపలి చదరం తెల్లగా ఉంటే మందు బాగున్నట్టు, వేడి తగిలితే నల్లబడుద్ది. ఒకామె దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, "మరి మాకు ఇన్నాళ్ళూ చూపించలేదేమ్మా?" అంది. నా కూతురు చెయ్యి చూపించా, ముందు దానికే వేశా. మర్నాడు చానామంది వచ్చారు. అందరూ రాలా, అబద్ధం చెప్పను.

మా అత్తగారి రోజుల్లో తట్టు వస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి కూర్చునేవాళ్ళు. ఇప్పుడు నేను టీకా వేసొచ్చినా ఇంటికాడ వేపమండ కట్టుకుంటారు. కట్టుకోనీ, నాకేం.

డల్లాస్_శ్రీను | 8 సెప్టెంబర్, ఉదయం 7:10

తట్టు మాట వచ్చింది కాబట్టి. అమెరికాలో అందరూ చదువుకున్నవాళ్ళు, ఇవన్నీ ఇండియాలోనే అనుకుంటారు. మా టెక్సాస్‌లోనే ఈ జనవరిలో పడమటి వైపు గెయిన్స్ కౌంటీలో తట్టు అంటుకుని, చుట్టుపక్కల కౌంటీలకీ పాకి మొత్తం 762 మందికి వచ్చింది. బడికెళ్ళే పిల్లలు ఇద్దరు చనిపోయారు, ఇద్దరికీ టీకా లేదు. పోయిన నెలలోనే అయిపోయిందని ప్రకటించారు. ఈ టీకా మీద ఇప్పటి భయం చాలావరకు ఎక్కడ మొదలైందంటే 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే లండన్ డాక్టరు పన్నెండు మంది పిల్లలతో రాసిన ఒక వ్యాసంలో, తట్టుకి వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడి ఉందన్నట్టు. 2010లో ఆ వ్యాసాన్ని పత్రికే వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు లైసెన్సు పోయింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసి ఏ సంబంధం లేదని తేల్చారు. అయినా మా అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో నెలకోసారి అదే కథ తిరుగుతూ ఉంటుంది.

మనవాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి: పసిబిడ్డతో ఇండియాకి వచ్చేవాళ్ళు ఏడాది నిండే దాకా ఆగక్కర్లేదు. ఇక్కడ మామూలుగా ఎంఎంఆర్ 12 నెలలకి వేస్తారు కానీ, విదేశీ ప్రయాణం ఉంటే 6 నెలల నుంచే అదనంగా ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, తర్వాత రెండూ మళ్ళీ వేయించాలి. అడిగితేనే చెప్తున్నారు.

నిప్పులేని_పొగ | 8 సెప్టెంబర్, ఉదయం 9:00

నేను తట్టు టీకాకి వ్యతిరేకం అని ఎవరు చెప్పారు? మా పిల్లకి కార్డులో ఉన్నవన్నీ వేయించా. సర్కారు కార్డులో లేనిది, డబ్బు పెట్టి కొనేది, మన జిల్లాలోనే గొడవైనది, ఈ ఒక్కటీ వద్దన్నా. దానికి నన్ను వేక్‌ఫీల్డ్ పక్కన నిలబెడతారా?

డల్లాస్_శ్రీను | 8 సెప్టెంబర్, ఉదయం 9:20

మిమ్మల్ని కాదండీ బాబూ, మా గ్రూపుని.

గోదారిగట్టు_మాస్టారు | 8 సెప్టెంబర్, ఉదయం 10:05

ఆయన అన్నదాంట్లో ఒకటి పట్టించుకోండి. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి ఈ టీకాని ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు. రేపో మాపో బళ్ళకి వస్తుంది. మా వైపు హాస్టళ్ళకీ వస్తుంది. సిక్కింలో 2018లోనే బళ్ళ ద్వారా వేశారు, బాగానే జరిగిందన్నారు. మా దగ్గరికి వచ్చినప్పుడు అంగీకార పత్రం తెలుగులో ఉంటుందా? కోయ మాటల్లో చెప్పేవాళ్ళు గూడేనికి వెళ్తారా? సంతకం ఎవరిది? జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఈ నాలుగూ ముందే తేల్చకుండా వస్తే, టీకా ఎంత మంచిదైనా 2010 మళ్ళీ వస్తుంది. అప్పుడు పాల్వంచలో ఒక్క అమ్మగారు కాదు, ఊళ్ళకి ఊళ్ళు వద్దంటాయి.

నర్సమ్మ_ప్రకాశం | 8 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:15

సార్, ఆ నాలుగో ప్రశ్నకి జవాబు మాత్రం నేనే. జ్వరం వస్తే నాకే చేస్తారు, రాత్రి పన్నెండింటికైనా. అది ఎక్కడా రాసి ఉండదు.

పాల్వంచ_నాన్న | 14 సెప్టెంబర్, రాత్రి 8:45

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మాస్టారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించా. మధ్యలో ఆపమంది. తర్వాత చెప్పింది, నాకు ఇప్పటిదాకా తెలియని సంగతి. అమ్మకి వరసకి చెల్లెలయ్యే ఆమె కూతురు అప్పుడు ఆ హాస్టళ్ళలో ఒకదాంట్లో చదివేదట. పిల్లకి ఏమీ కాలేదు, ఇప్పుడు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. కానీ మూడు సూదులు వేశారని ఆ తల్లికి సంక్రాంతి సెలవులకి పిల్ల ఇంటికొచ్చినప్పుడు తెలిసిందట. "అంత కాని వాళ్ళమయ్యామా" అని ఏడ్చిందట. అమ్మకి గుర్తున్నది ఆ ఏడుపే. ఏడుగురు పిల్లల అంకె అమ్మ నోటెంట ఒక్కసారీ రాలేదు.

శనివారం అమ్మని కూడా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ముందే ఫోన్ చేసి, చివరి పేషెంటుగా టైమ్ ఇమ్మని అడిగాను. అమ్మే మాట్లాడింది. "ఒక్కటి చాలదా?" అనడిగితే ఆయన ఆశ్చర్యపోయి, ఎవరు చెప్పారని నన్ను చూశారు. కర్నూలు డాక్టరు గారూ, మీరు చెప్పిందే దాదాపు ఆయనా చెప్పారు. "జ్వరమొస్తే రాత్రిపూట ఎవరు ఎత్తుతారు ఫోను?" అని అడిగినప్పుడు మాత్రం కొంచెం చిరాకు పడ్డారు, కానీ చీటీ వెనక నంబరు రాసిచ్చారు. సీసా చూపించమంది. నర్సమ్మ గారూ, ఆ చదరం గుర్తు కోసం వెతికింది, ఈ సీసా మీద కనబడలేదు. ప్రైవేటులో ఉండదా?

పాపని కూడా కూర్చోబెట్టి చెప్పాం. నొప్పి ఎంతసేపు, స్కూలు మానాలా అని రెండే ప్రశ్నలు. మొదటి డోసు వేయించేశాం. చెయ్యి నొప్పి ఒక రోజు. అమ్మ ఇంకా ఒప్పుకున్నట్టు కాదు, "మీ బిడ్డ, మీ ఇష్టం" అనే అంటోంది. ఆ నంబరు మాత్రం తన ఫోన్లో ఎక్కించుకుంది.

ఒక ప్రశ్న. రెండోది మార్చి మధ్యలో పడుతుంది, అప్పుడు పాపకి సంవత్సరాంత పరీక్షల హడావుడి. ముందు వేయించొచ్చా, తర్వాత వేయించొచ్చా?

నర్సమ్మ_ప్రకాశం | 14 సెప్టెంబర్, రాత్రి 9:30

ఆ గుర్తు మాకు సర్కారు సరఫరాలో వచ్చే సీసాల మీద ఉంటదండీ. బయట కొన్న వాటికి చాలావాటికి ఉండదు. అక్కడ ఎక్స్‌పైరీ తేదీ చూసుకోండి, ఫ్రిజ్‌లోంచి మీ కళ్ళముందే తీశారా లేదా చూడండి.

కర్నూలు_పిల్లల_డాక్టర్ | 14 సెప్టెంబర్, రాత్రి 10:10

ఆరు నెలలకి ముందు వద్దు. వెనకైతే ఫర్వాలేదు, ఏడాది లోపు పూర్తి చేస్తే మంచిది. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో వేయించండి. తీసుకెళ్ళేటప్పుడు ఏదైనా తినిపించి తీసుకెళ్ళండి, ఖాళీ కడుపుతో కళ్ళు తిరుగుతాయి. ఆ చీటీ పారెయ్యకండి, వేసిన తేదీ, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటాయి.

నిప్పులేని_పొగ | 14 సెప్టెంబర్, రాత్రి 11:20

బ్యాచ్ నంబరు మాకు ఎప్పుడూ రాసివ్వలేదే. అడగొచ్చా?

కర్నూలు_పిల్లల_డాక్టర్ | 15 సెప్టెంబర్, ఉదయం 6:50

అడగండి. రాయకపోతే సీసా స్టిక్కరు అంటించి ఇమ్మనండి.